బుల్లితెర యుద్ధాలు, మన ఇంటి పిల్లలు

2025లో ఆగస్టు 15 శుక్రవారం నాడు వచ్చింది. ఉదయం పాఠశాలల్లో జెండా వందనం, మధ్యాహ్నం జుమా నమాజు, ఆపై శని, ఆదివారాలు కలిసి మూడు రోజుల సెలవు. చొక్కా జేబుకు తగిలించుకున్న కాగితపు జెండాలు తీయకుండానే మన పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు. జనవరి 26కూ ఆగస్టు 15కూ ఛానెళ్లు వెలికితీసే చిత్రాల జాబితా పాఠకులకు కంఠస్థమే. బోర్డర్, ఎల్‌ఓసీ కార్గిల్, ఉరి, షేర్షా. తెలుగులో ఖడ్గం, ఘాజీ, మేజర్. ఒక ఛానెల్‌లో ముగిసిన కాల్పులు మరో ఛానెల్‌లో మొదలవుతాయి.

ఆ సెలవులు ముగిసిన మర్నాడు కర్నూలు నుంచి ఒక తల్లి మా కార్యాలయానికి ఫోన్ చేశారు. ఆమె కొడుకుకు ఎనిమిదేళ్లు. సినిమా చూసిన ఉత్సాహంతో వీధిలో పిల్లలంతా యుద్ధం ఆట మొదలుపెట్టారు. రెండు జట్లు కట్టారు. ఏ జట్టులో చేరతావని ఈ పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు, "నువ్వు అటు" అన్నారు. కోపంతో అన్నది కాదు. రోజూ ఒకే ఆటోలో బడికి వెళ్లే పిల్లలే. ఆటే కదా అని వాడూ వెళ్లి అటు నిలబడ్డాడు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, "అమ్మీ, ప్రతిసారీ నేనే ఎందుకు చచ్చిపోవాలి?" అని అడిగాడట. ఆమెకు జవాబు తోచలేదు. మాకూ వెంటనే తోచలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. యుద్ధ చిత్రాల మీద మాకు కసి లేదు. సరిహద్దులో ప్రాణమిచ్చిన సైనికుడి కథను తెరకెక్కించడం తప్పు కాదు. ఆ కథలో శత్రువు ఉండక తప్పదు. 1971లో విశాఖపట్నం తీరానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి పేరు ఘాజీయే. దానికి మరో పేరు పెట్టమని ఎవరూ అడగరు. ఆ చిత్రాన్ని మేమూ ఊపిరి బిగబట్టి చూశాం. మా అభ్యంతరం శత్రువు ఉండటం గురించి కాదు, శత్రువును గుర్తుపట్టడానికి ప్రేక్షకుడికి ఇచ్చే ఆనవాళ్ల గురించి. కళ్లకు సుర్మా, తలపై టోపీ, చేతిలో తస్బీహ్, దేశాన్ని నాశనం చేస్తానని పలికే వాక్యం చివర ఒక "ఇన్షా అల్లాహ్". హిందీ చిత్రాన్ని తెలుగులోకి డబ్బింగ్ చేసేటప్పుడు ఇది మరింత చిత్రంగా మారుతుంది. మన సైనికులందరూ చక్కని తెలుగు మాట్లాడతారు. శత్రువు మాత్రం కడప, గుంటూరు ముస్లిం వాడల్లో వినిపించే యాసలో, జనాబ్, బేటా అంటూ మాట్లాడతాడు. నానీజాన్ నోట ముద్దుగా విన్న మాటలే తెరపై బెదిరింపులుగా వింటున్న పిల్లవాడికి, ఆ వీధిలోని మిగతా పిల్లలకూ, ఆట ఎలా ఆడాలో వేరే ఎవరు నేర్పాలి?

శత్రువు కాని ముస్లిం ఈ చిత్రాల్లో లేడా అంటే ఉన్నాడు. 2002లో వచ్చిన ఖడ్గంలో ప్రకాశ్‌రాజ్ పోషించిన అంజద్‌ను తెలుగువారు మరచిపోలేదు. దేశం కోసం నిలబడే ఆటో డ్రైవర్ అతడు. ఆ పాత్రను చూసి కన్నీళ్లు పెట్టుకున్న పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. దర్శకుడి సదుద్దేశాన్ని మేము శంకించడం లేదు. కానీ అంజద్ మంచితనం మనకు తెలియాలంటే అతడి తమ్ముడు ఉగ్రవాది కావలసి వచ్చింది. సొంత తమ్ముణ్ణి కాదనగలడా లేదా అన్న పరీక్ష అతడికి పెట్టవలసి వచ్చింది. అదే చిత్రంలోని ఇతర కథానాయకులకు ప్రేమలున్నాయి, సినిమా అవకాశాల ఆశలున్నాయి, హాస్యముంది. వారి దేశభక్తిని ఎవరూ తూకం వేయలేదు. బోర్డర్‌లో భారత సైనికుడు మంటల్లోకి దూకి ఒక ముస్లిం ఇంట్లోని ఖురాన్‌ను కాపాడి తెస్తాడు. హృద్యమైన సన్నివేశమే. అక్కడా ముస్లిం కాపాడబడేవాడే గాని, పక్కన తుపాకీ పట్టి నిలబడినవాడు కాడు. శత్రువు, లేదా పరీక్షకు నిలిచేవాడు, లేదా మరొకరి ఔదార్యం పొందేవాడు. సెలవు దినాల తెర మీద మనకు కేటాయించిన స్థలం దాదాపుగా ఇంతే.

చరిత్రలో మన స్థలం ఇంత ఇరుకు కాదు. 1947లో దేశ విభజనతో పాటు సైన్యమూ చీలినప్పుడు, బలూచ్ రెజిమెంట్ అధికారి అయిన మహమ్మద్ ఉస్మాన్ పాకిస్తాన్‌కు వెళ్లలేదు. నౌషెరాను కాపాడి, చేజారిన ఝంగర్‌ను తిరిగి సాధించిన బ్రిగేడియర్ ఉస్మాన్ 1948 జూలై 3న అక్కడే ఫిరంగి గుండుకు బలయ్యారు. ప్రధాని నెహ్రూ ఆయన అంత్యక్రియలకు హాజరయ్యారు. ఢిల్లీలో జామియా మిల్లియా ఆవరణ పక్కన ఆయన సమాధి నేటికీ ఉంది. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ రంగంలో, చెరకు చేల మధ్య జీపుకు బిగించిన తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను ఒకదాని వెంట ఒకటి పేల్చి ప్రాణమిచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర దక్కింది. 1999 జూన్‌లో తుర్తుక్ మంచుకొండల్లో ప్రాణమిచ్చిన కెప్టెన్ హనీఫుద్దీన్ పేరుతో సైన్యం అక్కడి ప్రాంతాన్ని నేటికీ పిలుచుకుంటున్నది.

మన ఊరివారి సంగతి చూడండి. హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో విమానం నడిపారు. 1978 నుంచి 1981 వరకు భారత వాయుసేనాధిపతిగా ఉన్నారు. జలాంతర్గామి కథే కావాలంటే హైదరాబాదీ ఆబిద్ హసన్ కథ ఉంది. 1943లో జర్మనీ నుంచి నేతాజీ వెంట మూడు నెలల పాటు సముద్రగర్భంలో ప్రయాణించి, మధ్యలో అలలు ఎగసిపడుతుండగా జర్మన్ జలాంతర్గామి నుంచి జపాన్ జలాంతర్గామిలోకి మారిన ఏకైక సహచరుడు ఆయన. జెండా వందనం నాడు మన పిల్లలు గొంతెత్తి పలికే "జైహింద్"ను ఆయనే సూచించారని చరిత్రకారులు చెబుతారు. శ్యామ్ బెనగల్ తీసిన నేతాజీ చిత్రంలో ఆయన పాత్ర ఉంది. ఆ చిత్రాన్ని ఏ తెలుగు ఛానెల్‌లోనైనా సెలవు నాడు చూసిన పాఠకులుంటే మాకు తెలపండి.

ఇక్కడ ఆగి మమ్మల్ని మేమే ప్రశ్నించుకోవాలి. ఏటా ఆగస్టు సంచికలో ఈ పేర్లను వరుసగా ఈ పత్రికా అచ్చువేస్తున్నది. ఎవరి కోసం? మన పిల్లల కోసమైతే మంచిదే. కానీ చాలాసార్లు మేము వాటిని బోనులో నిలబడిన వాడు సాక్షుల్ని పిలిచినట్టు పిలిచాం. మా వారూ చచ్చిపోయారు, కనుక మమ్మల్ని నమ్మండి అని. హమీద్ ఆ చెరకు చేలో నిలిచింది మనకు ధ్రువపత్రం సంపాదించి పెట్టడానికి కాదు. అతడు గ్రెనేడియర్స్ దళం సిపాయి. ఎదురుగా ట్యాంకులు వస్తున్నాయి. తన పని తాను చేశాడు. పైగా ఆ ధ్రువపత్రం ఎంతటివారికైనా చెల్లడం లేదు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ వివరాలను దేశానికి వినిపించిన అధికారుల్లో కల్నల్ సోఫియా ఖురేషీ ఒకరు. వారం తిరగకముందే మధ్యప్రదేశ్ మంత్రి ఒకరు ఆమెను ఉగ్రవాదుల సోదరిగా సూచిస్తూ బహిరంగ సభలో మాట్లాడారు. ఆ రాష్ట్ర హైకోర్టు తనంతట తానే స్పందించి మే 14న కేసు నమోదుకు ఆదేశించింది. సైనిక దుస్తుల్లో ఉన్న కల్నల్‌కే ఈ మాట తప్పనప్పుడు, వీధిలో ఆడుకునే పిల్లవాడు ఏ పతకం చూపి తన జట్టు మార్చుకోగలడు?

కనుక మేము అడిగేది మరో అంజద్‌ను కాదు. పతాక సన్నివేశంలో తన దేశభక్తి మీద ఉపన్యాసం ఇవ్వనక్కరలేని సిపాయిని అడుగుతున్నాం. కందకంలో పక్కవాడితో బీడీ పంచుకుని, ఇంటి ఉత్తరం కోసం ఎదురుచూసి, మిగతావారితో పాటు బతికే లేదా చనిపోయే ఒక సలీమ్ చాలు.

ఇది జరగని పనేమీ కాదు. 1988లో దూరదర్శన్ పరమవీర చక్ర ధారావాహికను ప్రసారం చేసింది. చేతన్ ఆనంద్ దర్శకత్వం వహించిన ఆ ధారావాహికలో నసీరుద్దీన్ షా అబ్దుల్ హమీద్‌గా నటించారు. ఇంటికో టీవీ లేని కాలమది. చుట్టుపక్కల వారంతా ఒకే ఇంట్లో చేరి చూసేవారు. ఆ వీధుల్లో పిల్లలు హమీద్‌గా ఆడుకున్నారు, ఆడుకున్న పిల్లలందరూ ముస్లింలు కారు. ఆ ప్రసారాలను తెలుగు అనువాదంతో సెలవు దినాల్లో మళ్లీ చూపమని ప్రసార భారతిని అడగవచ్చు, అడగాలి.

ప్రైవేటు ఛానెళ్ల విషయంలో చట్టం మనకు ఒక దారి ఇచ్చింది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమావళిలోని 6వ నియమం, మతాలను గానీ సముదాయాలను గానీ కించపరిచే దృశ్యాలను, మాటలను నిషేధిస్తున్నది. 2021 సవరణ ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఛానెల్ 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. జవాబు నచ్చకపోతే ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. నచ్చని ప్రతి సినిమా మీదా ఈ ఆయుధం ఎత్తితే మొద్దుబారిపోతుంది. ఏ దృశ్యం, ఏ మాట, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది రాసుకుని, నిజంగా హద్దు దాటినప్పుడే రాయండి. ఆపమని రాసే ఒక్క లేఖకు, ఇది కూడా చూపమని రాసే లేఖలు పది ఉంటే మరీ మంచిది.

టీవీ కట్టేయడం వల్ల ప్రయోజనం లేదు. పక్కింట్లో టీవీ ఉంది, ఫోన్‌లో అంతకంటే ఎక్కువ ఉంది. పిల్లలతో పాటు కూర్చుని చూడండి. విరామంలో ఆబిద్ హసన్ జలాంతర్గామి ప్రయాణం చెప్పండి. అది సినిమాకేమీ తీసిపోదు. కర్నూలు తల్లికి మేము చెప్పగలిగింది ఇదే. ఆమె మళ్లీ ఫోన్ చేశారు. జైహింద్ అని మొదట అన్నది ఒక హైదరాబాదీ అని కొడుకు వీధిలో చెబితే మిగతా పిల్లలు నమ్మలేదట; వాళ్ల పాఠశాల ఉపాధ్యాయుణ్ణి అడిగి తేల్చుకుంటామన్నారట.

జనవరి 26 మళ్లీ వస్తుంది.  ఆ రోజు చిత్రాలను ఛానెళ్లు ముందుగానే నిర్ణయించుకుంటాయి కాబట్టి లేఖలు అంతకుముందే చేరాలి. లేఖ నమూనా కావలసిన మసీదు కమిటీలు, యువజన సంఘాలు మా కార్యాలయానికి రాయగలరు.