షేరుబజారు పతనము – మన పొదుపు సొమ్ము

షేరుబజారు పడినదను వార్త వచ్చినప్పుడు, బ్యాంకిలోని సొమ్మును పోవునేమోయని కొందరు జంకుట కలదు. మరికొందరు ఈ రెంటిని విడిచి, హెచ్చువడ్డీ చూపు ప్రైవేటు సంస్థలను ఆశ్రయింతురు. ఉదయగిరిలో చెక్కగరిటెలు చేసి కూడబెట్టిన స్త్రీ సొమ్మైనను, ఆత్మకూరు రైతు సొమ్మైనను నిలువవలెనన్న ఈ భేదములను తెలిసికొనుట అవసరము.

బ్యాంకిలో డిపాజిటు బ్యాంకి మనకు పడిన బాకీ. షేరు కంపెనీలో భాగము. లాభముపై ఆశ పెరిగిన ధర పెరుగును; ఆశ సన్నగిల్లిన తగ్గును. అప్పుచేసి కొన్నవారు ధర తగ్గగానే అమ్మక తప్పదు గనుక పతనము మరింత తీవ్రమగును. 2020 మార్చి 23వ తేదీన సెన్సెక్సు ఒక్కదినముననే నూటికి 13 వంతులు పడెను. నవంబరు నాటికి పూర్వపు శిఖరమును దాటెను. ఓపికపట్టినవారు కోలుకొనిరి. ఆ మార్చిలోనే బోరుబావికో బిడ్డ పెండ్లికో సొమ్ము కావలసినవారికి ఆ యవకాశము లేదు. బజారు కోలుకొన్నను ప్రతి కంపెనీయు కోలుకొనదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్సు లెక్కల మోసము బయటపడగా, షేరు ధరలో ముప్పాతికకు మించి ఆనాడే హరించిపోయెను.

బ్యాంకి యను పేరే అభయము కాదని 1906లో చెన్నపట్టణమున ఆర్బత్నాట్ కంపెనీ కూలినపుడే తెలిసినది. ఆ దెబ్బ పిమ్మట 1907లో ఇండియన్ బ్యాంకియు, 1923లో బందరున పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకియు వెలసెను. ఆంధ్రా బ్యాంకి 2020లో యూనియన్ బ్యాంకిలో కలిసెను. మన పినాకిని గ్రామీణ బ్యాంకి 2006లో ఆంధ్ర ప్రగతిలోను, అది 2025లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకిలోను విలీనమయ్యెను. బోర్డులు మారినవిగాని డిపాజిట్లు చెడలేదు.

బ్యాంకి మూతపడినను, ఒక్కొక్క బ్యాంకిలో ఒక్కొక్క డిపాజిటుదారునకు అసలు వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా 2020 ఫిబ్రవరి 4 నుండి కలదు. జాతీయ బ్యాంకులకును, గ్రామీణ బ్యాంకికిని, జిల్లా సహకార కేంద్ర బ్యాంకికిని ఇది వర్తించును. గ్రామ సహకార పరపతి సంఘములోని డిపాజిట్లకు వర్తింపదు. ఈ సంగతి రైతులెల్లరు గమనింపవలసినది. తపాలా పొదుపునకు ప్రభుత్వమే పూచీ. చీటీలకును, స్థలములు చూపి వసూలుచేయు డిపాజిట్లకును ఈ బీమా లేదు. అగ్రిగోల్డు డిపాజిటుదారులు లక్షలాదిగా ఏండ్ల తరబడి కోర్టులవైపు చూచుచు నిలిచిన సంగతి మరువరానిది.

కావున విత్తనములకు, చదువులకు త్వరలో కావలసిన సొమ్మును బ్యాంకిలోనో తపాలాలోనో ఉంచవలెను. 5 లక్షలు మించినచో రెండు బ్యాంకులలో పంచవలెను. దీర్ఘకాలము ముట్టనక్కరలేని సొమ్ములో కొంత మాత్రమే షేరులలో పెట్టవచ్చును. అప్పుచేసి పెట్టుట ఎన్నడును తగదు. హెచ్చువడ్డీ చూపు సంస్థను రిజర్వుబ్యాంకి అనుమతియు, డిపాజిటు బీమాయు చూపుమని అడుగవలెను. పఠనమందిరములకు వచ్చు యువకులు ఈ విషయములను తమ ఇండ్లలోని పెద్దలకు చదివి వినిపింతురుగాక.