నకిలీ మాంసం.. అసలు ప్రశ్న

సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో ఇటీవల ఒక చిత్రమైన సరుకు చోటు సంపాదించింది. ప్యాకెట్ మీద చికెన్ నగ్గెట్లు, మటన్ కీమా, సీఖ్ కబాబ్ వంటి పేర్లు. పక్కనే శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ చుక్క. సోయా, బఠాణీ, గోధుమల మాంసకృత్తులతో తయారైన ఈ అనుకరణ మాంసాన్ని కొనేవారిలో మాంసం ముట్టనివారూ ఉన్నారు. వద్దనుకున్న మాంసానికి మళ్లీ పోలిక ఎందుకన్న ప్రశ్న తరచూ హేళనగా వినిపిస్తుంది. హేళనను పక్కనపెట్టి ఆలోచిస్తే, అది మన కుల వ్యవస్థ గురించి చాలా చెప్పగల ప్రశ్న.

ఈ ఊహ కొత్తది కాదు. చైనా బౌద్ధారామాల వంటశాలల్లో గోధుమ జిగురుతో, సోయాతో మాంసాన్ని పోలిన వంటకాలు శతాబ్దాలుగా వండుతున్నారు. అమెరికాలో 19వ శతాబ్దం చివర జాన్ హార్వే కెల్లాగ్ వేరుశనగ, గోధుమలతో మాంసానికి ప్రత్యామ్నాయాలు తయారుచేయించాడు. మన 'మీల్ మేకర్'ది కూడా ఆ కుదురే. నూనె తీసిన సోయా పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి నెడితే అది పీచుపీచుగా, నమలడానికి మాంసంలా తయారవుతుంది. కార్తీకమాసంలో నీచు మానిన ఇళ్లలో మీల్ మేకర్ కూర, గోదావరి జిల్లాల విందుల్లో పనసకాయ బిర్యానీ మనకు పరిచితమైనవే.

శాకాహారులు వీటిని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే కాదు. జీవహింస వద్దని పెద్దయ్యాక మాంసం మానినవారికి నాలుక మీద పాత రుచి మిగిలే ఉంటుంది. పర్యావరణం కోసమో, ఆరోగ్యం కోసమో మానినవారిదీ అదే స్థితి. పుట్టుకతో శాకాహారులైన యువతకు స్నేహితుల పళ్లెంలోని కబాబ్ పట్ల కుతూహలం ఉంటుంది. అందరితో కలిసి కూర్చుని అలాంటిదే తినాలనిపిస్తుంది. ఈ కారణాలలో దేన్నీ నేను తప్పుపట్టను. అయితే వీటన్నిటిలో ఒక ఉమ్మడి సత్యం ఉంది. వీరు వద్దన్నది ప్రాణిని చంపడాన్ని. ఆ రుచిని కాదు, ఆ మసాలా ఘుమఘుమను కాదు.

ఈ సత్యం ఎక్కడ పనికొస్తుందో చూడండి. మా విద్యార్థులు ఏటా అద్దె గదుల కోసం తిరుగుతారు. దళిత, ముస్లిం విద్యార్థులకు తరచూ ఎదురయ్యే మొదటి ప్రశ్న 'వెజ్జా, నాన్‌వెజ్జా?' అన్నది. 'మీరేమిట్లు?' అని నేరుగా అడగడానికి మొహమాటపడే కాలంలో ఆ ప్రశ్నకు ఇది మారువేషం. తిరస్కారానికి చెప్పే సాకు వాసన. మాంసం వాసన శాకాహారి శరీరానికే సరిపడదని, అది సహజమైన ఏవగింపు అని వాదిస్తారు. అనుకరణ మాంసం తినేవారూ, గది నిరాకరించే యజమానులూ ఒకరే కానక్కరలేదు. మాంసంలా నమిలించే మీల్ మేకర్‌ను సైతం ముట్టనివారూ ఉన్నారు. కానీ ఒక శాకాహారి మాంసపు పోలికను కోరి తినగలిగినప్పుడు, ఆ ఏవగింపు శాకాహారంతో పాటు పుట్టిన శరీర ధర్మమని చెప్పడం కుదరదు. అది నేర్చుకున్నది. ఎవరి వంటింటి నుంచి వస్తే అసహ్యించుకోవాలో కూడా మనకు కులమే నేర్పింది.

అనుకరణలోనూ అంతరాలున్నాయి. పాశ్చాత్య కంపెనీలు గొడ్డు మాంసపు బర్గర్‌ను అనుకరించాయి. మన మార్కెట్లో నాకు కనిపించేవి చికెన్, మటన్ పోలికలే. బోటీకి, నల్లకు, ఎండబెట్టిన తునకలకు అనుకరణ తయారుచేయాలని ఎవరికీ తట్టినట్టు లేదు. అంటే అనుకరణకు నోచుకున్నది గౌరవం పొందిన పళ్లెమే. వాడవాడలా పేదల్ని పోషించిన వంటలు నకిలీకి కూడా అర్హమైనవి కాలేదు.

ఆహారంలోని ఈ నిచ్చెనను మన సామాజిక శాస్త్రం ఎప్పుడో గుర్తించింది. మాంసం, మద్యం మాని పై కులాల ఆచారాలను స్వీకరించి హోదా పెంచుకునే ప్రయత్నాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ 'సంస్కృతీకరణ' అన్నారు. అంటరానితనం పుట్టుకపై 1948లో వెలువరించిన గ్రంథంలో అంబేడ్కర్, బౌద్ధంతో సాగిన పోరులో పైచేయి కోసమే బ్రాహ్మణులు గొడ్డు మాంసం మాని శాకాహారులయ్యారని, దాన్ని తినడం మానని వారిపై అంటరానితనం ముద్ర పడిందని వాదించారు. గౌరవం కోసం కింది కులాలు వదులుకున్న రుచినే నేడు పై కులాల పిల్లలు ఆకుపచ్చ చుక్క రక్షణలో ఆస్వాదిస్తున్నారు. రుచి కిందికి దిగి రాగలిగింది. మనుషుల మధ్య దూరం మాత్రం తగ్గలేదు.

తగ్గకపోగా ఆ దూరానికి కొత్త ఏర్పాట్లు జరుగుతున్నాయి. 2023లో ఐఐటీ బొంబాయి హాస్టల్ మెస్‌లో శాకాహారులకు ప్రత్యేక బల్లలు కేటాయించడాన్ని నిరసించినందుకు 10,000 రూపాయల జరిమానా విధించారు. 2024 మార్చిలో జొమాటో సంస్థ 'ప్యూర్ వెజ్' ఆహారం మోసేవారికి ఆకుపచ్చ దుస్తులు ప్రకటించింది. విమర్శలు చెలరేగాక మర్నాడే వెనక్కి తగ్గింది. ఎర్ర చొక్కా వేసుకున్న కార్మికుణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారన్న భయం అంత సహజంగా తోచిన సమాజం మనది. 2014 నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 15 ఏళ్లు పైబడినవారిలో 98 శాతం మాంసాహారులే. అయినా వివరణ ఇచ్చుకోవలసింది ఇక్కడా వారే.

శాకాహారం వ్యక్తి ఎంపికగా గౌరవనీయమైనది. ఏది తినాలో, ఏది తినకూడదో, తిననిదాని పోలికను తినాలో లేదో తేల్చుకునే హక్కు ప్రతివారికీ ఉంది. ఆ ఎంపిక పక్కవాడిని లేచి వేరే బల్ల మీద కూర్చోమన్నప్పుడు, ఇల్లు ఇవ్వనన్నప్పుడు అది ఆహార విషయంగా మిగలదు. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర కుల వివక్షను నిషేధించింది. అద్దె ఇళ్ల ప్రస్తావన అందులో లేదు. ఆహారం పేరుతో సాగే వివక్షను కూడా చేర్చి ఆ ఖాళీని అద్దె చట్టాల్లో పూరించాలని ప్రభుత్వాలను అడగాలి. విశ్వవిద్యాలయాలు తమ మెస్‌లలో బల్లలను విడగొట్టబోమని నిబంధనల్లోనే రాసుకోవాలి. ఒకే బల్ల మీద ఒకరు సోయా కబాబ్, ఇంకొకరు అసలు కబాబ్ తింటే ఎవరి వ్రతమూ చెడదు.