కత్తిపై మోజు, పనిపై ప్రేమ

మొగమున నురుగు రాచి కత్తితో గడ్డము గీచికొనుట పురుషుడు నిత్యమును జేయు పనులలో నొకటి. పండ్లు తోముకొనుటలో లేని యుత్సాహ మీ పనియందు మాత్రమేల కలుగవలెనని చదువరులు మమ్ము నడుగవచ్చును. కాని కలిగినమాట నిజము. 2005వ సంవత్సర ప్రాంతమునుండి అమెరికాలోను ఐరోపాలోను వేలకొలది గృహస్థు లీ పనినే యొక వినోదముగా జేపట్టిరి. తాతలనాటి రెండంచుల బ్లేడు కత్తులను పెట్టెలనుండి వెలికి దీసిరి. కుంచెతో నురుగు చిలుకుట యెట్లు, కత్తిని ఏ వాలున బట్టవలెను, ఏ సబ్బు పరిమళ మెంతసేపు నిలుచును అని గోష్ఠులు జరిపిరి. విదేశములందున్న మన తెలుగు యువకులును, వారివలన ఇచ్చటి విద్యావంతులు కొందఱును ఆ గోష్ఠిలో జేరిరి. ఇప్పుడా యుత్సాహము సన్నగిల్లినది. తొలినాటి ప్రియులు పలువురు తమ కత్తులను అమ్మివేయుచున్నారు. మిగిలినవారు “మంచి విద్య యొకటి నశించుచున్నదే” యని విలపించుచున్నారు. నశించుచున్నది విద్య గాదనియు, నశింపదగినదే నశించుచున్నదనియు జెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ వినోదము పుట్టుటకు న్యాయమైన కారణమే యున్నది. కింగ్ క్యాంప్ జిల్లెట్ అను అమెరికావాడు పలుచని యుక్కురేకునకు రెండంచుల బదును బెట్టి, అది మొక్కవోగానే పారవైచి క్రొత్తదానిని బిగించుకొను కత్తిని 1903లో అమ్మజూపెను. ఆ యేట అమ్ముడువోయినవి 51 కత్తులు, 168 బ్లేడులు మాత్రమే. పదునైదేండ్లు తిరుగునప్పటికి, మొదటి ప్రపంచయుద్ధమున, అమెరికా ప్రభుత్వము తన సైనికులకొఱకు 35 లక్షల కత్తులను గొనెను. యుద్ధమునుండి మరలినవారు తమ గడ్డమును దామే గీచికొను నలవాటును ఇండ్లకు దెచ్చుకొనిరి. కత్తి యొకమాఱే యమ్ముడువోవును, బ్లేడు నిత్యమును అమ్ముడువోవునను మర్మము వర్తకులకు దెలిసినది. అయినను పేటెంటు గడువు తీరినపిదప రెండంచుల బ్లేడును ఎవరైనను జేయవచ్చును. ఒకరు చేసిన బ్లేడు మఱియొకరు చేసిన కత్తిలో నమరును. అట్టిచోట వర్తకునకు గుత్త యుండదు. 1971లో రెండు బ్లేడులను ప్లాస్టికు తలలో బిగించిన కార్ట్రిజ్జు వచ్చెను. 1998లో బ్లేడులు మూడయ్యెను, 2006లో ఐదయ్యెను. వెలయు బ్లేడులతోపాటే పెరిగెను. ఒక కంపెనీ పిడికి సాధారణముగా మఱియొక కంపెనీ కార్ట్రిజ్జు పట్టదు. కావున గొన్నవాడు కట్టువడినవాడే.

దీనిపై గృహస్థుడు తిరుగబడుట తప్పుగాదు. రెండంచుల బ్లేడు నేటికిని మన యంగళ్లలో రెండుమూడు రూపాయలకు దొరకును; ఐదు బ్లేడుల కార్ట్రిజ్జు వెల నూరు రూపాయలు దాటును. ఉంగరాల వెండ్రుకలు గలవారికి పెక్కు బ్లేడుల కత్తి వెండ్రుకను చర్మముకంటె లోతుగా ద్రుంచుటచే, అది మరల లోపలికే పెరిగి కురుపులు గట్టుట కలదు. ప్లాస్టికును ఉక్కును గలిపి పోసిన కార్ట్రిజ్జును విడదీసి కరగించుట కష్టము. రెండంచుల బ్లేడు వట్టి యుక్కు. పొదుపు, ఆరోగ్యము, శుభ్రత అను మూడు మంచి కారణములతో నీ యుద్యమము మొదలయ్యెను. అంతవఱకు మేమును దాని పక్షమే.

తరువాత జరిగినదేమి? పొదుపు కొఱకు బయలుదేఱినవాడు దుకాణమునకు జేరెను. ఒక కత్తి చాలినచోట జర్మనీదేశపు సోలింగెనునుండి రెండు, అమెరికానుండి పాతవి మూడు వచ్చెను. బ్లేడులు జపానువి, సబ్బులు ఇటలీవి, చందనపు లేపనము లండనుది, కుంచె బాడ్జరను జంతువు వెండ్రుకలది. పాఠశాలలో లెక్కలు చెప్పువారమైనందున ఒక లెక్క వేయుచున్నాము. గడ్డమునకు వాడు సబ్బుబిళ్ల యొకటి నాలుగు నెలలు వచ్చుననుకొందము. అరువది బిళ్లలు కూడబెట్టినవానికి అవి యిరువదియేండ్లు వచ్చును. నలువదియేండ్లవాడు తన షష్టిపూర్తివఱకు మఱి సబ్బు గొన నక్కఱలేదు. అయినను అతడు మఱునాడే యరువదియొకటవ సబ్బును గొనును. మన పెద్దలు సప్తవ్యసనములలో అర్థదూషణమును, అనగా ధనమును వృథా చేయుటను, జూదముతోను పానముతోను గలిపి చెప్పిరి. చేతిలో కత్తి యున్నంతమాత్రమున ఆ వ్యసనమునకు విద్య యను పేరు రాదు.

పరులను నిందించుటకుముందు మా తప్పు మేము చెప్పుకొనవలెను. 2014లో అమెరికానుండి వచ్చిన మా పూర్వవిద్యార్థి యొకడు సోలింగెను కత్తి నొకదానిని మాకు గురుదక్షిణగా నిచ్చెను. దానితో నిలిచియున్న బాగుండెడిది. రెండేండ్లలో మా స్నానపుగదిలో ఐదు కత్తులు, నాలుగు కుంచెలు, పదునొకండు సబ్బులు చేరెను. ఒకనాడు మా యింటి యిల్లాలు ఆ వరుసను జూచి, “మొగం ఒక్కటే గదండీ, సబ్బులు పదకొండెందుకు?” అని యడిగెను. మేము సబ్బుల చరిత్రను జెప్పబోయితిమి. ఆమె యంతయు వినెను. పిదప, అమ్మాయి సంగీతపు మాష్టారుకు రెండు నెలల జీతము బాకీ యున్నదని మాత్రము చెప్పి వంటయింటిలోనికి బోయెను. సంస్కారమునుగూర్చి వ్యాసములు వ్రాయు మాకు నానాడు ప్రత్యుత్తరము దోచలేదు.

అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మఱియొకటి గలదు. ఇంత సామగ్రి యున్నను మా మెడపై దద్దురు మానలేదు. మా వీధి మొగను ముప్పదియేండ్లుగా క్షౌరశాల నడపుచున్న పెద్దమనిషి కొకనాడు మా కత్తిని జూపితిమి. ఆయన దానిని వెలుతురుకు బట్టి చూచి, “కత్తి బాగుంది మాష్టారూ. కానీ గడ్డం గీసేది చెయ్యి గదండీ!” అనెను. మమ్ము గూర్చుండబెట్టి, వెండ్రుక లెటు వాలియున్నవో వ్రేళ్లతో దడవి తెలిసికొనుమనెను. ఎడమచేత చర్మమును బిగియబట్టి, కత్తిని నొక్కక దాని బరువుననే జాఱనిమ్మనెను. మొదట వాలువెంటనే గీచి, మఱల నురుగు రాచినగాని రెండవమాఱు కత్తి పెట్టవలదనెను. పది నిమిషముల పాఠము. వారము దినములలో దద్దురు మానెను. రెండేండ్లలో సరకులు నేర్పని విద్యను ఆయన యూరకయే నేర్పెను. ఆయన పేరేమియో మేమానాడే మొదటిసారి యడిగితిమి. అంతవఱకు “ఏమోయ్” అనియే పిలుచుచుంటిమి.

ఇందే మా వాదమంతయు గలదు. షెఫీల్డులో చేసిన పొడుగు కత్తిని వేలరూపాయలకు దెప్పించి “ఇది కళ” యని మురియు విద్యావంతుడు, ఆ కళయందే పుట్టి పెరిగినవానితో పది రూపాయలకు బేరమాడును. వాని కులమును తిట్టుమాటగా వాడును. పటికను అందమైన పెట్టెలోబెట్టి విదేశీయులు పంపిన విలువైన వస్తువనుచున్నాడు. మన క్షౌరశాలలలో నా పటికముక్క యెప్పటినుండియో బల్లమీదనే యున్నది. రెండంచుల బ్లేడును నడిమికి విఱిచి, సగమును పిడిలో బిగించి, ఒకనికి వాడినదానిని మఱియొకనికి వాడక పారవైచు శుభ్రమైన పద్ధతియు అచ్చటనే కలదు. మన పెండ్లిండ్లలో సన్నాయి యూదినవారు, పూర్వము పల్లెలలో కురుపులు కోసి మందుగట్టినవారు ఈ వృత్తివారే. వారి పనిని హీనమని యెంచుచు వారి పనిముట్లను బూజించుటయే యీ వినోదములోని యసత్యము. పనిపై ప్రేమయే యున్నచో పనివానిపై గౌరవము కలుగకుండునా?

ఉత్సాహము తగ్గుటకు గారణములు బయటనే యున్నవని విలపించువారు చెప్పుదురు. గడ్డములు పెంచుట వేడుకయైనది, విద్యుద్యంత్రములు వచ్చినవి, 2020లో కోవిడ్ వచ్చి, మొగములకు ముసుగులు గట్టి, కార్యాలయములను ఇండ్లలోనికి దెచ్చినది. ఇవి నిజములే. జిల్లెట్టు కంపెనీని 2005లో గొన్న ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వారే 2019లో దాని విలువను 800 కోట్ల డాలర్లమేర తగ్గించి లెక్క వ్రాసికొనిరి. పురుషులు గడ్డము గీచికొనుట తగ్గినదనుట వారు చూపిన కారణములలో నొకటి. కాని యీ కారణములు నిత్యము గీచికొనువానికి వర్తించునుగాని, వినోదమునకు మూలకారణములు గావు. చేయి కుదిరినవానికి గొనవలసిన దేదియు మిగులదు. కొనుటయే వినోదమైనవానికి విద్య యబ్బినదినమే వినోదమునకు గడపటిదినము. అది లోపలి రోగము.

దీనికి మన దేశమే నిదర్శనము. 2010లో జిల్లెట్టువారు మన దేశముకొఱకే గార్డ్ అను ఒంటిబ్లేడు కత్తిని పదునైదు రూపాయలకు దెచ్చి, రెండంచుల బ్లేడు వాడువారిని దమవైపునకు ద్రిప్పుకొన జూచిరి. అన్ని బ్లేడుల కార్ట్రిజ్జులు చేసినవారు ఒంటిబ్లేడు కత్తి నేల చేసిరి? కోట్లకొలది సామాన్యు లానాటికిని రెండంచుల బ్లేడునే నమ్ముకొని యుండుటచేతనే గదా! వారికి గోష్ఠి లేదు, సంగ్రహము లేదు, పరిమళచర్చ లేదు. ఉత్సాహ మెన్నడును లేనందున నది తగ్గుటయు లేదు.

“తాగుడుకంటెను జూదముకంటెను ఇది మేలుగదా, ఎవరికి హాని?” యని కొందఱందురు. వినోదము తప్పని మేమనము. ఉదయమున పదినిమిషములు వేడినీటితోను నురుగుతోను నెమ్మదిగా గడపుట మనస్సునకు హితమని మా యనుభవము. కాని ఇంటి బాకీని మఱపించునది నిరపాయ వినోదము గాదు. పొరుగువాని విద్యను హీనపఱచునది నిరపాయ వినోదము గాదు.

కావున మోజు తీరినందుకు విచారింపకుడు. మోజు తీరినది గదాయని మరల కార్ట్రిజ్జు వర్తకునకు దొరకిపోవలదు. ఒక కత్తి, ఒక కుంచె, ఒక సబ్బు, ఒక పటికముక్క యుంచుకొని, మిగిలినవి అక్కఱగలవారి కిచ్చివేయుడు. వాడిన బ్లేడులను డబ్బాలో వేసి మూతబెట్టుడు. చెత్త నెత్తువారి చేతులు తెగకుండును. మీసములు మొలచుచున్న కొడుకునకు ప్రకటన జూపక మీరే కత్తి పట్టించి నేర్పుడు. మీకు దెలియనిచో మీ వీధిలోని క్షౌరశాలకు వానిని దీసికొనిపోయి, ఆ పెద్దమనిషి పేరు దెలిసికొని, “అండీ” యని పిలిచి, నేర్పుమని యడుగుడు. మా పదునొకండు సబ్బులలో తొమ్మిదింటిని మేము పంచిపెట్టితిమి. కత్తుల నమ్మగా వచ్చిన సొమ్ముతో సంగీతపు మాష్టారు బాకీ తీరినది.