ఏ కోర్సులో చేరాలో ఏజెంటు చెప్పాల్నా?

తొలకరి వాన పడితే వజ్రకరూరు చేలల్లో యాడాడి జనమో వచ్చి వజ్రాలు ఏరుతుంటారు. అవే దినాల్లో మన వాడల్లోకి ఇంకో రకం వేటగాళ్లు దిగుతారు. మోటారుసైకిళ్ల మీద వచ్చే ప్రైవేటు కాలేజీ ఏజెంట్లు. ఎస్సీ పిల్లల ఫీజు సర్కారు కడుతుంది గనక వాళ్లకు మన పిల్లోడే వజ్రం. 'అన్నీ మేం చూసుకుంటాం, సంతకం పెట్టక్కా' అంటారు. పిల్ల ఫోను తీసుకొని, దానికొచ్చిన నంబరు కొట్టి, తమ కాలేజీ పేరు ఎక్కించేస్తారు.

ఆ కోర్సుకు స్కాలర్‌షిప్పు వస్తుందా రాదా అని అడిగేవాళ్లు ఆ ఇంట్లో ఉండరు. మా ఇంట్లోనూ లేరు. 2000లో బి.ఏ. ముగించాం. ఉద్యోగం లేదు. పద్దులు రాయడం నేర్చుకుంటే పని దొరుకుతుందని ఎవరో అంటే బి.కాం.లో చేరాం. మా దరఖాస్తు తిరిగొచ్చింది. ఒక డిగ్రీ అయినాక అదే స్థాయిలో ఇంకో డిగ్రీకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఇవ్వరు. ఎం.ఏ. మీద ఎం.ఏ. అన్నా అంతే. ఆ మాట నిబంధనల్లో ముందునుంచీ ఉంది. మాకు చెప్పిన నాథుడు లేడు. మా నాయన రెండు మేకలమ్మి కట్టిన ఫీజు పోయింది, ఏడాదీ పోయింది.

దూరవిద్యకు, మేనేజిమెంటు సీటుకు, స్పాట్ సీటుకు ఫీజు రాదని 2019 నవంబరులో ఇచ్చిన 115 జీవోలో స్పష్టంగా రాశారు. 2024లో సర్కారు మారి పథకం పేరు మార్చింది. పేరు ఏదైనా గానీ, 'సీటొచ్చింది' అని ఏజెంటు అంటే కన్వీనరు సీటా, స్పాటా అని నిలదీయండి. చేరినాక నడిమిలో కోర్సు గానీ కాలేజీ గానీ మారాలంటే ముందుగా అనుమతి తీసుకోవాల. చెప్పకుండా మారితే స్కాలర్‌షిప్పు రద్దు చేయొచ్చు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటే ఏ డిగ్రీ, దాని తర్వాత ఏ చదువు, అది యాడ దొరుకుతుంది అనేది పదో తరగతి కాగితం చేతికొచ్చిన రోజే కూర్చొని అనుకోవాల. 2020 డిసెంబరులో 77 జీవో తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు ఎత్తేసినప్పుడు, అదే నమ్ముకున్న పిల్లలు నడివీధిలో నిలబడ్డారు.

అన్నిటికన్నా మనల్ని కొట్టేది హాజరు. నూటికి డెబ్బై ఐదు. నెలకు 24 దినాలు కాలేజీ జరిగితే 18 దినాలు పోవాల. వాన లేని ఏడు అమ్మానాయన సుగ్గికో బెంగుళూరుకో పోతే చిన్నపిల్లల్ని, ముసలవ్వను చూసుకునేది ఎవరు? డిగ్రీ చదివే ఆడపిల్లే. హాజరు షరతు రాసినోళ్ల ఇంట్లో ఇట్లాంటి ఆడపిల్ల లేదేమో. అందుకే కోర్సు కంటే ముందు హాస్టలు చూడండి. హాస్టలు ఉన్న ఊర్లోనే కాలేజీ ఎంచుకోండి. పిల్లకు 75 శాతం అడిగే సర్కారు తన వాయిదా మాత్రం తనకు తోచినప్పుడు వేస్తుంది. డబ్బు రాలేదని కాలేజీ వాళ్లు హాల్‌టికెట్టు ఆపితే ఏడ్చేదీ ఆ పిల్లే. పరీక్షల లోపల ఫీజు పడాల, వలస ఇళ్ల పిల్లలకు హాజరులో సడలింపు ఇవ్వాల, ఆడపిల్లలకు కాలేజీ హాస్టళ్లలో సీట్లు పెంచాల. ఇవి మన డిమాండ్లు.

బాబాసాహెబ్ కూడా షరతుల మీదే చదివినాడు. 1913లో బరోడా మహారాజా నెలకు పదకొండున్నర పౌన్ల లెక్కన మూడేళ్లకు ఇచ్చినాడు. బదులుగా సంస్థానంలో పదేళ్లు కొలువు చేస్తానని రాసివ్వాల్సి వచ్చింది. గడువు తీరిపోతే 1917లో లండన్ చదువు సగంలో ఆపి వచ్చినాడు. 1920లో మళ్లీ పోయి, 1923లో డి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్నాడు. ఎస్సీలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. అప్పుడు ఆయన వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. ఇది ఎవడో వేసిన భిక్ష కాదు.

వచ్చే రెండు ఆదివారాలు సాయంత్రం వాడలో అంబేద్కర్ బొమ్మ కాడ మేము కూర్చుంటాం. మార్కుల కాగితం, కుల, ఆదాయ పత్రాలు, ఆధార్ తీసుకొని పిల్లల్ని వెంటబెట్టుకొని రండి. అంతవరకు ఏజెంటు చేతికి ఫోను ఇయ్యొద్దు.