ఇంట్లో ఎవరూ లేరన్న థర్మోస్టాట్

రెండేళ్ళ క్రితం డిసెంబరులో అమ్మా నాన్నా గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చారు. వచ్చిన రెండో వారంలో ఒకరోజు నేను ఆఫీసు నుంచి మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని స్టవ్ దగ్గర నిలబడి ఉంది. వంట కోసం కాదు, వెచ్చగా ఉంటుందని. “చలేస్తోందా అమ్మా?” అంటే, “ఏం లేదురా, అమెరికా అంటే ఇంతే కదా” అంది.

గోడ మీది థర్మోస్టాట్ చూస్తే 62 డిగ్రీలు. దాని పక్కనే “అవే” అని చిన్న అక్షరాలు. అంటే ఇంట్లో ఎవరూ లేరని అర్థం. నా ఫోను, మా ఆవిడ ఫోను గడప దాటగానే ఇల్లు ఖాళీ అయిందని లెక్క వేసుకొని, గ్యాసు ఆదా చెయ్యమని బాయిలర్‌కి చెప్పింది. ఆ ఏర్పాటు చేసింది నేనే. అమ్మా నాన్నల దగ్గర ఉన్నది ఇండియా ఫోను. దాని లెక్కలో వాళ్ళు లేరు. రెండు వారాలుగా రోజూ ఇదే జరుగుతున్నా వాళ్ళు నోరెత్తలేదు.

ప్రోగ్రాములు రాసి బతికే మనం ఇలాంటి తప్పు చెయ్యకూడదు. అందుకే ఆ చలికాలమంతా దీని సంగతేమిటో తెలుసుకున్నాను. మీలో పాత ఇళ్ళు కొన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో ఉన్న మిత్రుల ఇళ్ళల్లో ఎక్కువగా ఫర్నెస్ ఉంటుంది. వేడిగాలి డక్టుల్లోంచి వస్తుంది. ఈశాన్య రాష్ట్రాల పాత ఇళ్ళల్లో మాత్రం ఇప్పటికీ బాయిలర్లు చాలా ఉన్నాయి. బేస్‌మెంట్‌లో నీళ్ళు కాగి, గోడల వెంట ఉన్న బేస్‌బోర్డుల్లోనో రేడియేటర్లలోనో తిరుగుతాయి. వాటికి ఆజ్ఞ ఇచ్చేది గోడ మీది థర్మోస్టాట్. 1953లో హనీవెల్ తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్ నుంచి ఇప్పటి వైఫై రకం దాకా చేసే పని ఒక్కటే: రెండు తీగలు కలిపితే బాయిలర్ వెలుగుతుంది, విడదీస్తే ఆగుతుంది.

చిక్కంతా అది ఉన్న చోటులోనే. మా ఇంట్లో అది వంటింటి గోడకి అవతల ఉంది. సాయంత్రం నాలుగు బర్నర్ల మీద వంట మొదలైతే దానికి ఇల్లంతా వెచ్చగా ఉన్నట్టే. బాయిలర్ ఆగిపోతుంది. గరాజ్ మీద, అమ్మా నాన్నా పడుకునే గది మాత్రం చల్లగా ఉంటుంది.

థర్మోస్టాట్‌ని ఇంకో చోటికి మార్చాలంటే గోడలు తవ్వి తీగ లాగాలి. పైగా పాత బాయిలర్లకి వచ్చేవి తరచు రెండే తీగలు. కొత్త వైఫై రకాలు చాలావాటికి నిరంతరం కరెంటు కోసం “సి” తీగ అనే మూడోది కావాలి. వైర్‌లెస్ రకంలో ఈ బాధ లేదు. ఒక రిసీవర్‌ని బాయిలర్ దగ్గరే తగిలిస్తారు, బ్యాటరీతో నడిచే థర్మోస్టాట్‌ని ఏ గదిలోనైనా పెట్టుకోవచ్చు. రెండో దారి రిమోట్ సెన్సర్లు. ఎకోబీ 2014లోనే ఇలాంటి సెన్సర్లతో థర్మోస్టాట్ తెచ్చింది. నేను తీసుకున్నది ఈ దారే.

మొదటి రాత్రి సెన్సర్ చూపించింది: హాల్లో 69, అమ్మా నాన్నల గదిలో 61. అమ్మ దాచిన మాట అది దాచలేదు.

అయితే ఇక్కడ ఒక మోసం ఉంది. ఈ పరికరాలు చాలావరకు అన్ని సెన్సర్ల సగటు తీసుకుంటాయి. 69కీ 61కీ సగటు 65. ఆ 65 మా ఇంట్లో ఏ గదిలోనూ లేదు! ఆఫీసులో సర్వర్ల సగటు చూసి అంతా బాగుందనుకునే మేనేజరుని మనం తిట్టుకుంటాం కదా, ఇదీ అంతే. అందుకని రాత్రిపూట ఆ ఒక్క గది సెన్సర్ మాటే వినమని మార్చాను. వాళ్ళకి వెచ్చబడింది, మా గదిలో 75 అయి మాకు ఉక్కపోసింది. ఎందుకంటే ఇల్లంతా ఒకటే జోన్. డక్టుల ఇంట్లో ఫ్యాను వేసి గాలిని కొంతైనా కలపవచ్చు. నీళ్ళ పైపుల్లో ఆ వీలు లేదు. సెన్సర్ ఎక్కడ చలిగా ఉందో చెబుతుంది కానీ వేడిని అక్కడికి పంపలేదు. థర్మామీటరు జ్వరం తగ్గించదు కదా.

అసలు మందు పాతకాలపుదే. ఆ గదిలో బేస్‌బోర్డుకి అడ్డంగా ఉన్న మంచం జరిపాను. పైపుల్లో చేరిన గాలి తీయించాను. గరాజ్ సీలింగుకి ఇన్సులేషన్ వేయించాను. మా గదిలో బేస్‌బోర్డు మూతలు సగం మూశాను. తేడా మూడు డిగ్రీలకి తగ్గింది. అదీ చాలకపోతే ప్లంబరుని పిలిచి వేరే జోన్ పెట్టించుకోవడమే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సెన్సర్లు కొనండి, కానీ జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి కొనండి. వైర్‌లెస్ రకం కొనేముందు, బ్యాటరీ అయిపోతే, సిగ్నల్ తెగితే రిసీవర్ ఏం చేస్తుందో అడగండి. 2016 జనవరిలో నెస్ట్ థర్మోస్టాట్లలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల బ్యాటరీలు ఖాళీ అయి, నడి చలికాలంలో కొందరి ఇళ్ళు చల్లబడిపోయాయి. 2011, 2012 నాటి నెస్ట్‌లకి గూగుల్ 2025 అక్టోబరులో సపోర్టు ఆపేసింది. గోడ మీద పనిచేస్తాయి, ఫోనుకి మాత్రం పలకవు. బాయిలర్ ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది, దాని యాప్ అంతకాలం బతకదు. పాత థర్మోస్టాట్‌ని పారేయకుండా అటక మీద దాచుకోండి.

రోజుకి ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి పది శాతం దాకా ఆదా చెయ్యవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఇల్లు నిజంగా ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఆదా మంచిదే. ఊరికెళ్ళినా పైపులు గడ్డకట్టకుండా 55కి తగ్గనివ్వకండి. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం వాళ్ళు దిగిన రోజే ఆ “అవే” తీసెయ్యండి. చలేస్తోందా అని వాళ్ళని అడిగి లాభం లేదు, వాళ్ళు చెప్పరు. ఆ గదిలోకి వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి.