ఎత్తు కూడా హిసాబే

టేబుల్ మీద బొమ్మలతో ఆడే ఆటల్లో, ఎగిరే బొమ్మ ఎంత ఎత్తులో ఉందో కూర్చున్న అందరికీ కనబడాలి. కనబడని ఎత్తు లేనట్టే లెక్క. నా రాయ్ ఇది, ముందే చెప్పేస్తున్నాను. ఇంత చిన్న విషయానికి ఒక మజ్మూన్ రాయాలా అని కొందరు నవ్వుతారు. ఎండాకాలం ఛుట్టీల్లో జుహర్ నుంచి అసర్ దాకా నలుగురు పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి చూడండి, ఆ తర్వాత నవ్వండి.

మా దాచేపల్లి ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎండ అంటే రాష్ట్రమంతా తలుచుకునే రెంటచింతల మాకేమీ దూరం కాదు. మే నెల మధ్యాహ్నం పిల్లల్ని నాగులేరు వైపు పంపలేం, గల్లీలోకీ పంపలేం. ఇంట్లో ఉంచితే చేతిలో ఫోన్. ఫోన్ లాక్కుంటే రోనా ధోనా. అలాంటప్పుడు హైదరాబాద్‌లో చదువుకునే పెద్ద పిల్లలు ఛుట్టీలకి వచ్చి, ఒక డబ్బాలో చిన్న చిన్న బొమ్మలు తెచ్చి, గళ్ల కాగజ్ పరిచి, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఆడిస్తామంటే అల్‌హందులిల్లాహ్ అనుకోని అమ్మీ ఎవరు?

ఆట తెలియని బుజుర్గుల కోసం రెండు ముక్కలు. దీని మూలం డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చారు. ఒకరు కిస్సా చెబుతుంటారు, మిగతావాళ్లు అందులో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. కాగజ్ మీద ఒక గడి ఒక అంగుళం. ఆటలో అది అయిదు అడుగుల నేల. సిపాయి బొమ్మని ఆరు గళ్లు జరిపితే అతను ముప్పై అడుగులు నడిచినట్టు. ఇంతవరకు ఏ పేచీ లేదు. పేచీ అంతా డేగకి రెక్కలు విప్పిన క్షణం నుంచి.

మన పాత ఆటల్లో ఈ మసలా లేదు. పల్నాడులో నాపరాళ్లకి కరువు లేదు కదా, అరుగు మీది నాపబండ మీద బొగ్గుతో గీత గీస్తే పులి-మేక తయారు. పులి ఎక్కడుందో, మేక ఎక్కడుందో గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. పచ్చీసూ అంతే, అష్టాచెమ్మా అంతే. షత్రంజ్‌లో గుర్రం ఇంకొకరి మీదుగా దూకుతుంది, కానీ ఎంత ఎత్తున దూకిందని ఎవరూ అడగరు. ఆ ఆటలన్నిటికీ నేల ఉంది, ఆస్మాన్ లేదు. ఈ కొత్త ఆటకి ఆస్మాన్ ఉంది, దాన్ని పెట్టడానికి టేబుల్ మీద జాగా మాత్రం లేదు.

మా ఇంట్లో జరిగేది చెప్తాను, మీ ఇంట్లోదీ ఇదే అనుకుంటాను. పెద్దవాడి డేగ గాల్లో ఉంది. చిన్నది బాణం వేస్తానంటుంది. "నా డేగ అరవై అడుగుల పైనుంది, అందదు" అంటాడు భాయ్‌జాన్. మళ్లీ అతని వంతు రాగానే ఆ డేగే కింద ఉన్న మనిషిని గోళ్లతో గీరేస్తుంది. "భాయ్, అరవై అన్నావ్ కదా?" "దిగా." "ఎప్పుడు దిగావ్?" "ఇందాకే, నువ్వు వినలేదు." ఇక అక్కడి నుంచి అమ్మీ, అబ్బా, చివరికి నమాజ్ చాప మీదున్న దాదీ దాకా ఫిర్యాదు వెళ్తుంది. గవాహీ చెప్పేవాళ్లు లేరు. గొంతు ఎవరిది పెద్దదైతే వాళ్లదే ఫైస్లా. తొమ్మిదేళ్ల పిల్ల పన్నెండేళ్ల అన్న ముందు ప్రతిసారీ ఓడిపోతుంది, అదీ ఆటలో కాదు, వాదనలో. రెండు రోజులయ్యాక "నాకొద్దు ఈ ఆట, నక్కో" అని లేచి వెళ్లిపోతుంది. ఎక్కడికి? ఫోన్ దగ్గరికే.

"జబానీ చెప్పుకుంటే చాలదా" అనేవాళ్లున్నారు. పెద్దవాళ్లు ఆడుతుంటే, ఎగిరే బొమ్మ ఒక్కటే ఉంటే, చాలుతుంది. మూడు బొమ్మలు మూడు ఎత్తుల్లో ఉన్నప్పుడు, మధ్యలో ఎవరో షర్బత్ తెచ్చినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు, ఎవరికీ ఏదీ గుర్తుండదు. అబద్ధమాడాలని నియ్యత్ లేకపోయినా, మనిషి జ్ఞాపకం తనకు లాభమైన వైపే వంగుతుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించి? సూరె బఖరా, 282. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, గవాహీలు పెట్టుకోమని. అక్కడి వ్యవహారం పెద్దది, ఇక్కడిది బొమ్మలది, రెంటినీ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. కానీ కళ్లముందు రాతగా ఉన్నది జగడాని పుట్టకముందే ఆపుతుందన్న మాట ఇంటి చాప మీదా చెల్లుతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. విమానాల యుద్ధం ఆడేవాళ్లు అరవై ఏళ్లుగా దీనితో కుస్తీ పడుతున్నారు. 1960ల్లో మైక్ కార్ అనే అమెరికన్ మొదటి ప్రపంచయుద్ధపు విమానాలతో ఫైట్ ఇన్ ద స్కైస్ అనే ఆట చేశాడు. అందులో ఎవరి ఎత్తు వాళ్లు కాగజ్ మీద రాసుకోవాలి. 2004లో ఇటలీ నుంచి వింగ్స్ ఆఫ్ వార్ వచ్చింది. ఆ ఆట కోసం చేసిన బొమ్మ విమానాల కింద పారదర్శకమైన ప్లాస్టిక్ పుల్లలు ఒకదాని మీద ఒకటి గుచ్చుతారు. పుల్ల ఒకటి పెరిగితే ఒక మెట్టు పైకెక్కినట్టు. నాకు బాగా నచ్చింది ఇదే. లెక్క వేరే చోట లేదు, విమానం కాళ్ల కిందే ఉంది. 2012లో వచ్చిన ఎక్స్-వింగ్‌లోనూ ఇలాంటి పుల్లలే, కానీ అక్కడ వాటికి అర్థం లేదు. బొమ్మకి బొమ్మ తగలకుండా మాత్రమే. అంతరిక్షంలో పైకీ కిందకీ ఏముందిలే అని వాళ్లు ఎత్తునే తీసి పక్కన పెట్టేశారు. 2018 నాటి బ్లడ్ రెడ్ స్కైస్ ఇంకో దారి పట్టింది: విమానం ముక్కు పైకి వంచితే నీది పైచేయి, కిందికి వంచితే నువ్వు ఆపదలో ఉన్నట్టు, సమంగా ఉంటే మధ్యరకం. అడుగుల లెక్కే లేదు. పతంగ్ పేచ్ వేసినవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. పేచ్‌లో ఎవరి పతంగ్ ఎన్ని గజాల ఎత్తుందో ఎవరూ కొలవరు. నీ మాంజా పైనుందా, కిందుందా, అంతే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. బయటి దేశాల నుంచి అద్దంలాంటి స్టాండ్లు తెప్పించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాటి ధర చూస్తే మాత్రం ఆ పైసలతో ఆదివారం గోష్ తెచ్చుకోవచ్చనిపిస్తుంది. అక్కర్లేదు కూడా. సైకిల్ షాపులో పాత స్పోకు పుల్ల అడిగితే ఊరికే ఇస్తారు. అడుగున బరువుండాలి, అసలు కిటుకంతా అక్కడే. పుల్ల ఎంత పొడుగైతే బొమ్మ అంత సులువుగా బోర్లాపడుతుంది. చెక్క ముక్క సరిపోదు. నాపరాయి చిప్ప కావాలి, అది మన దగ్గర కాళ్లకి తగిలేంత ఉంది. అంగుళం చదరం రాయి ముక్కకి ఎంసీల్‌తో పుల్ల నిలబెట్టి, పుల్లకి పూసలు గుచ్చండి. పూసకి పది అడుగులు. ఎక్కినప్పుడు ఒక పూస వెయ్యాలి, దిగినప్పుడు ఒకటి తియ్యాలి. పూసల కోసం దాదీ తస్బీహ్ జోలికి వెళ్లొద్దని పిల్లలకి ముందే చెప్పండి.

ఒకటి గమనించాలి. పుల్ల ఎత్తుని చూపిస్తుందే కానీ, నిజమైన కొలతకి నిలబెట్టాలని చూస్తే ఆట పాడవుతుంది. ఒక అంగుళానికి అయిదు అడుగులైతే అరవై అడుగులకి పన్నెండు అంగుళాల కర్ర కావాలి. నాలుగు కర్రలు నిలబడితే కింది బొమ్మల్ని జరపడానికి చెయ్యి దూరదు, చిన్నవాళ్లకి అవతలి వైపు కనబడదు. కంటికి పుల్ల, లెక్కకి పూస. అన్నిటికంటే ముఖ్యం, రాయి ముక్క ఏ గడిలో ఉందో ఆ గడి కదలకూడదు. పైన రెక్కలు నాలుగు గళ్లు కప్పేసినా సరే, డేగ ఉన్న చోటు ఆ రాయి ఉన్న చోటే.

మరి సిపాయి నెత్తిన, అదే గడిలో, డేగ ఉంటే? రెండు రాళ్లు ఒక గడిలో పట్టవు. దీనికి బిర్యానీ పార్సిల్ డబ్బా ఉంది. కడిగి బోర్లించండి. డబ్బా కింద సిపాయి, పైన డేగ. పారదర్శకం కాబట్టి ఇద్దరూ కనబడతారు. ఈ జుగాడ్ చూశాక స్టాండ్లు కొనాలన్న మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

దూరం కొలిచే దగ్గర ఇంకో తకరార్. డేగ ముప్పై అడుగుల పైనుంది. దాని కింద నేల నుంచి బాణమేసేవాడు నలభై అడుగుల దూరంలో ఉన్నాడు. బాణం ఎంత దూరం పోవాలి? మేస్త్రీని అడగండి. గోడకి మూలమట్టం తీసేటప్పుడు అతను వాడేది మూడు, నాలుగు, అయిదు లెక్కే. ముప్పై, నలభై అయితే ఏటవాలు యాభై. స్కూల్లో పైథాగరస్ అని చెప్పేది అదే. కానీ ఆట పుస్తకం వేరే మాట చెబుతుంది. అయిదో ఎడిషన్ మామూలు పద్ధతిలో మూలగా జరిగినా గడికి అయిదడుగులే. ఆ పద్ధతిని ఎత్తుకీ పట్టిస్తే రెండింట్లో పెద్దది తీసుకుంటే చాలు, జవాబు నలభై. అంతకుముందు మూడో ఎడిషన్‌లో మూల గళ్లని ఒకసారి అయిదు, ఒకసారి పది అని లెక్కపెట్టేవారు. అలాగైతే యాభై అయిదు. ఒకే బాణానికి నలభై, యాభై, యాభై అయిదు! ఏది సహీ అన్నది కాదు నా సవాల్. ఆట మొదలవకముందే ఒకటి ఎంచుకుని కాగజ్ మీద పైన రాసిపెట్టండి. మా ఇంట్లో నాకు చెల్లుబాటైతే యాభైయే రాస్తాను, ఎందుకంటే ఎనిమిదో తరగతి పిల్లాడు ఛుట్టీల్లో తనంతట తను వర్గమూలం తీస్తున్నాడంటే ఏ ట్యూషన్ మాస్టారూ అంత పని చేయించలేడు.

మరీ చిన్నపిల్లలుంటే అడుగులు, పూసలు అన్నీ పక్కన పెట్టి మూడు మెట్లు చాలు: నేల, చెట్టు, ఆస్మాన్. వాళ్లకి చెప్పడానికి మిర్చి చేల మీద మందు కొట్టే డ్రోన్ ఉంది. మందు కొట్టాలంటే అది పైరుకి దగ్గరగా, మనిషి తలకి కాస్త పైగా ఎగరాలి. ఆకాశంలోకి పోతే మందు గాలికి పోతుంది. పోవడానికి కూడా హద్దుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో నాలుగు వందల అడుగుల వరకే. ఆటలోనూ అంతే పెట్టండి. చెట్టు మెట్టులో ఉన్నదానికి బాణం తగులుతుంది, అదీ కింది వాళ్లని కొట్టగలదు. ఆస్మాన్‌లో ఉన్నదాన్ని ఎవరూ కొట్టలేరు, అదీ ఎవరినీ కొట్టలేదు. ఈ ఒక్క షర్తు పెడితే, పైన కూర్చుని కిందకి రాళ్లు వేస్తానన్న భాయ్‌జాన్ జిద్ అక్కడితో ఖతం.

మన ఇళ్లలో తప్పకుండా వచ్చే రెండు సవాళ్లున్నాయి, వాటిని దాటేసి పోను. మొదటిది పాచికలు. చాలామంది ఆటగాళ్లు ఎగిరే బొమ్మ పక్కన ఒక పాచిక పెట్టి దాని అంకెతో ఎత్తు చూపిస్తారు. నర్ద్ గురించి హదీస్ ఉంది కాబట్టి కొన్ని ఇళ్లలో పాచికని గడప దాటనివ్వరు. వాళ్లతో నాకు బహస్ లేదు. ఎత్తుకి పాచిక అవసరమే లేదు, పూస చాలు. మిగతా ఆటకి చీట్లు తీసే పద్ధతి పెట్టుకోవచ్చా అన్నది మీరు నమ్మే ఆలిం సాబ్‌ని అడగండి.

రెండోది బొమ్మలు. ప్రాణుల బొమ్మలు ఇంట్లో ఉంచవచ్చా అని ఫుప్పూలు అడుగుతారు, అడగడం వాళ్ల హక్కు. పిల్లల ఆటబొమ్మల విషయంలో ఉలమాలలో చాలామంది వెసులుబాటు ఇచ్చారు, కొందరు సఖ్తీగా ఉన్నారు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. కానీ అబూ దావూద్‌లోని ఒక రివాయత్ ఈ సందర్భంలో గుర్తురాకుండా ఉండదు. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా బొమ్మల మధ్య ఒక గుర్రం ఉంది, దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలు. గుర్రానికి రెక్కలేమిటని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అడిగితే, సులైమాన్ అలైహిస్సలాం దగ్గర రెక్కల గుర్రాలుండేవని మీరు వినలేదా అని ఆమె జవాబిచ్చారు. ఆయన మనసారా నవ్వారు. పిల్లల చేతిలో రెక్కల బొమ్మ చూసి ముందే కోప్పడేవాళ్లు ఆ నవ్వుని కూడా గుర్తుపెట్టుకోవాలని నా గుజారిష్. అయినా మనసొప్పకపోతే, సీసా మూతకి కాగితం అంటించి "డేగ" అని రాయండి. పూసలు మూత కింద కూడా అంతే బాగా నిలబడతాయి. ఎత్తు లెక్క మూతకైనా, బొమ్మకైనా ఒకటే.

చివరిగా అమ్మీలకి ఒక మాట. స్పోకు పుల్ల కొన గుచ్చుకుంటుంది, పిల్లలు చాప మీద ముందుకి వంగి ఆడతారు, కళ్లు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. పైకొనకి బొమ్మ లేకుండా పుల్లని ఖాళీగా నిలబెట్టనివ్వకండి. ఆట అయ్యాక పుల్లల్ని పైఅరలో పెట్టండి.