అద్దం ఉంటే చాలదు

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. అరవై దాటాక తెలుగు రాయడం మొదలుపెట్టాను. తప్పులుంటే చెప్పండి. ఈసారి కంప్యూటర్ గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ఇక్కడ దోహాలో శుక్రవారం సెలవు. ఆ రోజు భజనల రికార్డింగులు నా డెస్క్‌టాప్‌లో దాస్తాను. అది నా గుడి సేవ. అందులోనే మా అమ్మ గొంతు కూడా ఉండేది. గొబ్బి పాటలు, మంగళహారతులు, మధ్యమధ్యలో దగ్గు. నాకు తెలుగు నేర్పింది ఆ గొంతే.

డిస్క్ పాడైతే ఎలా అని భయపడి, 2 టీబీ డిస్కులు రెండు కొని మదర్‌బోర్డుకి తగిలించాను. బయాస్‌లో సాటా మోడ్‌ని రెయిడ్‌కి మార్చి, రెయిడ్ 1 ఎంచుకున్నాను. డిస్కులు రెండున్నా చోటు 2 టీబీయే. ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాస్తుంది కదా. మీరు చేస్తే ఒక జాగ్రత్త: జత కట్టేటప్పుడు డిస్కుల్లో పాతవి చెరిగిపోతాయి. ముందే వేరే చోట పెట్టుకోండి.

ఇక నిశ్చింత అనుకున్నాను. ఒకరోజు ఫోల్డర్లు సర్దుతూ అమ్మ ఫోల్డర్‌ని నేనే తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. తెలిసేసరికి రెండు డిస్కుల్లోనూ లేదు. తప్పు కంప్యూటర్‌ది కాదు. నా నుదుట బొట్టు లేకపోతే అద్దంలో మాత్రం ఉంటుందా?

అందుకే చెబుతున్నాను, రెయిడ్ 1 బ్యాకప్ కాదు. ఒక డిస్క్ పాడైతే రెండోది పని ఆగకుండా చూస్తుంది. అది మంచిదే, నేను ఇంకా తీసేయలేదు. కానీ మన చేతి తప్పు, వైరస్, దొంగ, నిప్పు, వీటినుంచి అది కాపాడదు. మదర్‌బోర్డు పోతే కొత్త బోర్డు ఆ జతను గుర్తుపట్టకపోవచ్చు కూడా.

తెలుగులో 'ప్రతి' అంటే కాపీ. 'ప్రతి' అంటే ఒక్కొక్కటి అని కూడా. నాకు చాలా ఇష్టమైన మాట. 19వ శతాబ్దంలో సీపీ బ్రౌన్ ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, మళ్లీ రాయించాడు. ఒకచోట పోయిన పద్యం ఇంకోచోట దొరికేది. ప్రతులు వేర్వేరు ఇళ్లలో ఉండబట్టే అది కుదిరింది.

నాకూ అలాగే జరిగింది. రాజమండ్రిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చాను. "అక్కా, నువ్వు పంపినవి కొన్ని నా పాత ఫోన్లో ఉన్నాయేమో, చూస్తానుండు" అన్నాడు. తొమ్మిది పాటలు దొరికాయి. హారతులు దొరకలేదు.

ఇప్పుడు ఒక యూఎస్‌బీ డిస్క్ శుక్రవారం మాత్రమే తగిలిస్తాను, కాపీ అయ్యాక తీసి బీరువాలో పెడతాను. ఇంకొకటి తమ్ముడి దగ్గర ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల గొంతు ఉంటే, ఈ రాత్రే ఒక ప్రతి వేరే ఊరికి పంపండి.